అక్షరం కింద అక్షరం

నా చిన్నప్పటి న్యూజెర్సీలో తెలుగువాళ్ల ఇళ్లు చాలా తక్కువ. ఇప్పుడు ఐసెలిన్‌లో ఓక్ ట్రీ రోడ్డు మీద కాసేపు నడిస్తే కరివేపాకు దగ్గర్నుంచి కాసులపేరు దాకా దొరకని వస్తువు ఉండదు. ఆ రోజుల్లో మాత్రం కందిపప్పు కావాలంటే మా నాన్న నది దాటి న్యూయార్కు వెళ్లి తెచ్చేవారు. అందుకే ఎక్కడైనా ఒక తెలుగు కుటుంబం ఉందని తెలిస్తే చాలు, వరసలు వెతుక్కోకుండానే చుట్టాలమైపోయేవాళ్లం. మా ఇంటికి రెండు వీధుల అవతల ఉండే ఆంటీ అలా మాకు చుట్టమయ్యారు.

ఆంటీది కాకినాడ. మా నాన్న పిల్లల డాక్టరుగా పనిచేసే ఆస్పత్రిలోనే ఆవిడ పేథాలజిస్టు. రోజంతా మైక్రోస్కోపు ముందు కూర్చుని, గాజు పలకల మీది కణాలను చూసి జబ్బేమిటో తేల్చడం ఆవిడ ఉద్యోగం. చలికాలంలో చీర మీద పొడుగాటి కోటు, కాళ్లకు టెన్నిస్ బూట్లు వేసుకుని, పడవంత స్టేషన్ వ్యాగన్ కారు నడుపుకుంటూ మా ఇంటికి వచ్చేవారు. ఆవిడ నవ్వు ముందు గదిలో మొదలైతే మేడ మీద పడుకున్న నాకు మెలకువ వచ్చేది.

ఆవిడకు ఒక పిచ్చి ఉండేది. అమెరికా కొత్తగా దేశమైన తొలి రోజుల్లో కొట్టిన వెండి అర డాలర్లంటే ప్రాణం. అంతకుముందెప్పుడో పాత సామాన్ల సంతలో సరదాకి ఒకటి కొన్నారట. ఇంటికొచ్చి, వృత్తి అలవాటుకొద్దీ భూతద్దం కింద పెట్టి చూస్తే, సంవత్సరం అంకెల్లో ఒకదాని వెనక ఇంకో అంకె నక్కి నక్కి చూస్తున్నట్టు కనిపించిందట. "అంతే అమ్మడూ! ఆ పూట స్టవ్ మీద పెట్టిన అన్నం మాడి బొగ్గయిపోయింది, మీ అంకుల్ బ్రెడ్ తిని పడుకున్నారు" అని ఎంతో గొప్ప విషయంలా చెప్పేవారు.

నాకు పదో ఏడు నడుస్తున్నప్పుడు ఆదివారం మధ్యాహ్నాలు నేను ఆంటీ ఇంట్లోనే ఉండేదాన్ని. డైనింగ్ టేబుల్ మీద తువ్వాలు మడతపెట్టి పరిచి, దాని మీద నాణేలు పెట్టేవారు, చేయి జారినా వెండికి దెబ్బ తగలకుండా. టేబుల్ లైటును బాగా కిందికి వంచి, వెలుగు పక్క నుంచి పడేలా చూసుకునేవారు. నాణేన్ని అంచుల దగ్గరే పట్టుకోవాలి, ముఖం మీద వేలు పడకూడదు. భూతద్దాన్ని కంటికి ఆనించుకుని, నాణేన్నే మెల్లగా దాని దగ్గరికి తెచ్చుకోవాలి. ఇవేవీ ఆవిడ పాఠంలా చెప్పలేదు. ఆవిడ చేస్తుంటే చూసి నేనూ చేశాను.

ఆ కాలపు నాణెం ఎలా తయారయ్యేదో ఆంటీ ఒకసారి ఉప్మా తింటూ చెప్పారు. స్పూనే సుత్తి అయింది, ఉప్మా పళ్లెమే టంకశాల అయింది.

"ముందు ఉక్కు దిమ్మ మీద అంతా తిరగేసి చెక్కాలి. అదే అచ్చు. అక్షరాలేమో ఒక్కొక్కటీ చేత్తో దిగ్గొట్టాలి. చివర అక్షరం ఉన్న చిన్న ఉక్కు కడ్డీని నిలబెట్టి, పైనుంచి సుత్తితో ఒక్కటిస్తాడు. సరిగ్గా పడలేదనుకో, మళ్లీ ఇంకోటి ఇస్తాడు. కానీ మొదటి దెబ్బ ఎక్కడికి పోతుంది? అక్కడే ఉంటుంది. ఆ అచ్చుతో ఎన్ని నాణేలు కొడితే అన్నింటి మీదా ఆ జంట ముద్ర కనిపిస్తుంది. దాన్నే డబ్లింగ్ అంటారు."

అంటే ఏ రెండు అచ్చులూ అచ్చంగా ఒకలా ఉండవన్నమాట. అక్షరం ఎక్కడ జరిగింది, ఏ అంకె రెండుసార్లు పడింది అనేదాన్ని బట్టి ఫలానా నాణెం ఫలానా అచ్చు బిడ్డ అని చెప్పేయవచ్చు. అయితే జంటగా కనిపించిందల్లా డబ్లింగ్ కాదు. కొట్టే సమయంలో అచ్చు కొంచెం అదిరితే, అప్పుడే లేచిన అక్షరాన్ని అది పక్కకు నొక్కేస్తుంది. చూడటానికి అదీ రెండు గీతల్లాగే ఉంటుంది కానీ అది ఆ ఒక్క నాణెం ముచ్చటే, అచ్చులో లేదు.

"గుండ్రంగా ఉబ్బి ఉంటే అచ్చులోది. బల్లపరుపుగా, మెట్టులా నొక్కుకుపోయి ఉంటే వట్టి వణుకు" అనేవారు ఆంటీ. ఆ రెండు ముక్కలూ నాకు పదహారో ఎక్కం కంటే ముందే వచ్చాయి.

మొదట్లో నేను ప్రతి నాణెంలోనూ డబ్లింగ్ ఉందని అరిచేదాన్ని. ఒక ఆదివారం ఆవిడ ఒక నాణెం నా చేతికిచ్చి, "దీన్లో కుడిపక్క మూడో నక్షత్రం డబుల్. ఎంత జరిగిందో చూసి బొమ్మ వేసి చూపించు" అన్నారు. నేను చూశాను. నిజంగానే నక్షత్రం మొన పక్కన ఇంకో సన్నటి మొన కనిపించింది. శ్రద్ధగా పెన్సిలుతో బొమ్మ కూడా వేశాను. ఆంటీ ఆ బొమ్మను చాలాసేపు చూసి, టీ కప్పు పక్కన పెట్టి, "దాన్లో ఏమీ లేదమ్మడూ" అని పకపకా నవ్వారు.

నాకు ఏడుపు వచ్చినంత పనైంది. ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కుని నా జడ సరిచేస్తూ, "ఏడవకు. తప్పు నీది కాదు, నాది. నేను ఉందన్నాను కాబట్టి నీ కంటికి కనిపించింది. కంటికి మర్యాద మరీ ఎక్కువ, పెద్దవాళ్లు ఏం చెబితే అది చూసేస్తుంది. అందుకని నేను చెప్పింది పక్కన పెట్టు, నాణెం అట్ట మీద రాసింది పక్కన పెట్టు. ముందు కనిపించింది చెప్పు. దానికి పేరు తర్వాత పెడదాం" అన్నారు.

ఆ రోజు నుంచి అది మా ఆట. నాణేన్ని గడియారంలా చుట్టి రావాలి. ఒక్కొక్క అక్షరం దగ్గర ఆగి, అది ఏ అక్షరమో చెప్పకుండా, ఎన్ని గీతలున్నాయి, ఏ గీత నిలువు, ఏది అడ్డం అని పైకి చెప్పాలి. ఆంటీ కళ్లు మూసుకుని వింటూ ఆ అక్షరం ఏమిటో ఊహించేవారు. నేను ఏదైనా గీత వదిలేస్తే ఆవిడ తప్పు అక్షరం చెప్పేవారు, ఇద్దరం నవ్వుకునేవాళ్లం.

ఆ రోజుల్లోనే మా ఇంట్లో ఒక చిన్న సంఘటన జరిగింది. రాత్రి భోజనాలకు పిలిచినవాళ్లలో ఒక అంకుల్ మాటల సందర్భంలో న్యూజెర్సీ రాజధాని న్యూఅర్క్ అన్నారు. మా క్లాసులో ఆ వారమే రాష్ట్రం పటం వేశాం. నేను అన్నం కలుపుతూనే, "ట్రెంటన్, అంకుల్" అన్నాను.  ఆయన మంచివారే, నవ్వేసి ఊరుకున్నారు. కానీ నాన్న ముఖం ఎర్రబడింది. "పెద్దవాళ్లు మాట్లాడుతుంటే నలుగురిలో అలా దిద్దకూడదు. అంకుల్‌కి సారీ చెప్పు" అన్నారు. చెప్పాను. నాన్న కోపిష్టి మనిషి కాదు, అతిథి మనసు నొచ్చుకుంటుందని ఆయన భయం. నాకు మాత్రం ఒక సంగతి గట్టిగా బుర్రలో నాటుకుంది: పెద్దవాళ్ల పొరపాటు కనిపించినా కనిపించనట్టే ఉండాలి.

మంచు కరిగి చెట్లు చిగురుపెట్టే వేళకి ఆంటీ సభ్యురాలిగా ఉన్న నాణేల క్లబ్బు వాళ్ల వార్షిక ప్రదర్శన వచ్చింది. ఫైర్ స్టేషన్ వెనక హాల్లో పెట్టారు. హాలంతా కాఫీ వాసన, పంచదార అద్దిన డోనట్ల వాసన. ఆ ఏడాది ఆంటీ మొదటిసారి అందరి ముందూ నిలబడి మాట్లాడబోతున్నారు. క్లబ్బులో ఆడవాళ్లే తక్కువ, మన దేశం మనిషి ఆవిడ ఒక్కరే. బయటికి నవ్వుతూనే ఉన్నారు కానీ పొద్దుట్నుంచీ కొంగు కొస మెలిపెడుతూనే ఉన్నారు. ధైర్యంగా ఉంటుందని అమ్మానాన్నా కూడా వచ్చి ముందు వరసలో కూర్చున్నారు.

ఆంటీ టేబుల్ మీద గాజు పెట్టెలో డబ్లింగ్ ఉన్న అర డాలర్లు వరసగా ఉన్నాయి. వాటి పక్కన, పోల్చి చూసుకోవడానికి, నల్ల మఖమల్ గుడ్డ మీద ఒక నాణెం విడిగా పెట్టారు. పద్దెనిమిది వందల పద్నాలుగు నాటిది. బాగా అరిగి, నల్లబడి, ఎవరూ రెండోసారి చూడనట్టు ఉంది. దాని ముందున్న చిన్న అట్ట మీద, ఇది మామూలు నాణెం, దీని మీద డబ్లింగ్ ఏదీ లేదు అని ఇంగ్లీషులో టైపు చేసి ఉంది.

ఉపన్యాసానికి ఇంకా సమయం ఉంది. అందరూ కాఫీ దగ్గర మూగారు. నాకు తోచక, ఆంటీని అడిగి ఆ మామూలు నాణేన్ని తీసుకుని, దీపం దగ్గరికి జరిగి, భూతద్దం కంటికి ఆనించుకుని, మా ఆట ఆడుకోవడం మొదలుపెట్టాను. గద్ద ఉన్న వైపు దేశం పేరు చుట్టూరా ఉంటుంది. నిలువు గీత, వంపు, నిలువు గీత అనుకుంటూ నెమ్మదిగా తిరిగి వస్తున్నాను. 'స్టేట్స్' అన్న మాటలో E దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాను. ఒక నిలువు గీత. మూడు అడ్డ గీతలు. ఆ తర్వాత, ఉండకూడని ఒక ఏటవాలు గీత.

ముందు నా కళ్లనే అనుమానించాను. నక్షత్రం మొన గుర్తొచ్చింది. అందుకని దీపాన్ని అటు తిప్పాను, ఇటు తిప్పాను. నాణేన్ని తలకిందులు చేశాను. గీత ఎక్కడికీ పోలేదు. E నిలువు గీతకు ఎడమ పక్కన కింద ఒక చిన్న పాదం కూడా బయటికి పొడుచుకుని ఉంది. టేబుల్ మీదున్న పేపర్ న్యాప్‌కిన్ తీసుకుని కనిపించింది కనిపించినట్టు గీశాను. E ని వదిలేసి మిగిలిన గీతలను మాత్రమే ఇంకోసారి గీశాను. అవి పైన కలుసుకోబోతున్నట్టు వంగి, చిన్న డేరాలా నిలబడ్డాయి. నా ఒళ్లు ఝల్లుమంది. అది A. ఎవరో అక్కడ A కొట్టేసి, నాలుక కరుచుకుని, దాని మీద E కొట్టారు.

ఇంతలో ఆంటీ మాట్లాడటం మొదలుపెట్టారు. నేను గబగబా నాణేన్ని దాని చోట పెట్టి, న్యాప్‌కిన్ గుప్పిట్లో ఉంచుకుని అమ్మకీ నాన్నకీ మధ్య కూర్చున్నాను. ఆంటీ చాలా బాగా మాట్లాడారు. ఉప్మా పళ్లెం లేదు గానీ చేతులు అలాగే ఆడించారు. జనం నవ్వారు, తలలూపారు. ఆఖరున ఆవిడ ఆ నల్లటి నాణేన్ని పైకెత్తి, "ఇదిగో, ఏ పొరపాటూ లేకుండా తయారైనది ఇలా ఉంటుంది" అన్నారు.

 పక్కన నాన్న ఉన్నారు. ఎదురుగా ఆంటీ, ఆవిడ జీవితంలో మొదటి ఉపన్యాసం, హాలు నిండా మనుషులు. చెబితే ఆవిడ పరువు పోతుంది. చెప్పకపోతే ఆ అట్ట అలాగే ఉంటుంది, వచ్చినవాళ్లందరూ చూసి నమ్మి వెళ్తారు. ఏమైనా ప్రశ్నలున్నాయా అని ఆంటీ అడిగారు. ఎవరో ఏదో అడిగారు, జవాబు చెప్పారు. నా చేయి ఎప్పుడు పైకి లేచిందో నాకు తెలియదు. నాన్న తల తిప్పి నన్ను చూశారు.

అప్పుడు నాకొక ఉపాయం తట్టింది. ఆ హాల్లో మా నలుగురికి తప్ప తెలుగు ఎవరికీ రాదు.

"ఆంటీ, ఆ కాయిన్‌లో ఏదో ఉంది" అన్నాను తెలుగులో. 

"ఏముంది?" అన్నారు ఆవిడ కూడా తెలుగులోనే.

"గద్ద వైపు. E లో. వంకర గీత ఉంది. E కి వంకర గీతలు ఉండవు కదా."

"అచ్చులోదా, వణుకా?"

"అచ్చులోదే ఆంటీ. గుండ్రంగా ఉంది."

ఆంటీ ఇంకేమీ అడగలేదు. నాణేన్ని తిరగేసి, భూతద్దం కంటికి ఆనించుకుని, దీపం మీదికి వంగారు.  ఆవిడ భుజాలు కదలటం లేదు. అయిపోయింది, అనవసరంగా నోరు తెరిచాను అనుకున్నాను. నాన్న నా చేతి మీద చేయి వేశారు. అది కోపమో ఓదార్పో కూడా నాకు తెలియలేదు.

"ఓరి నాయనోయ్!" అని ఒక్క కేక పెట్టారు ఆంటీ. ముందు వరసలో ఒకాయన కాఫీ ఒలకబోసుకున్నారు.

ఆ తర్వాత ఆవిడ ఇంగ్లీషులో అందరికీ చెప్పారు. "క్షమించండి, ఇప్పటిదాకా నేను మీకు తప్పు చెప్పాను. ఈ నాణెం చాలా ఏళ్లుగా నా దగ్గరుంది. మామూలుదని నేనే రాసి పెట్టాను. అది కాదని ఇప్పుడే ఈ అమ్మాయి కనిపెట్టింది. మిగతాది తనే చెబుతుంది" అని, చేయి చాచి నన్ను ముందుకు పిలిచారు. ఆ అట్టను తీసి రెండుగా చింపి చేతి సంచిలో వేసుకున్నారు. అలా చింపుతున్నప్పుడు ఆవిడ ముఖం పండగ రోజు కొత్త బట్టలు కట్టుకున్న పిల్ల ముఖంలా ఉంది.

నేను న్యాప్‌కిన్ విప్పి చూపించాను. క్లబ్బు అధ్యక్షుడు తెల్లగడ్డం పెద్దాయన, ఆయనే ముందుగా భూతద్దం తీసుకున్నారు. చూశారు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు. "వీడు దేశం పేరే తప్పు రాశాడయ్యా!" అన్నారు. హాలంతా గొల్లుమంది. స్కూల్లో నా పేరును ఒక్కొక్క టీచరు ఒక్కో రకంగా రాసేవారు. ఆ రోజు, నా పేరొక్కటే కాదు, ఇంత పెద్ద దేశం పేరు కూడా ఒకప్పుడు ఒకడి చేతిలో తప్పు పడిందని తెలిసి నాకు చెప్పలేనంత సంబరమేసింది. పెద్దవాళ్లు వరసలో నిలబడి, నా ముందు వంగి, ఎక్కడ చూడాలమ్మా అని నన్ను అడిగారు. అలాంటి నాణేలు ఇంకా కొన్ని ఉన్నాయని, ఆ రకం సంగతి తెలిసినవాళ్లకు తెలుసునని ఆ పెద్దాయన తర్వాత చెప్పారు. నేను లోకంలో ఎవరికీ తెలియనిదేమీ కనిపెట్టలేదన్నమాట. అయినా నా సంబరం రవ్వంత కూడా తగ్గలేదు.

వరసలో చివరి మనిషి మా నాన్న. ఆయన చాలాసేపు చూశారు. కనిపించిందా నాన్నా అంటే తలూపి, భూతద్దం నా చేతిలో పెట్టి, అమ్మ దగ్గరికి వెళ్లిపోయారు.

సామాన్లు సర్దుతున్నప్పుడు నేను ఆంటీని అడిగాను, అందరి ముందూ అలా చెప్పినందుకు మీకు బాధగా లేదా అని. ఆవిడ నిజంగానే ఆశ్చర్యపోయారు. "బాధెందుకే? పొద్దున్న వచ్చేటప్పుడు నా దగ్గర ఒక మామూలు నాణెం ఉంది. ఇప్పుడు ఇంటికి తీసుకెళ్లేది ఇంకోటి. నాకు వచ్చిందే గానీ పోయిందేముంది? ఆస్పత్రిలో నా స్లైడు మీద పొరపాటు ఎవరైనా పట్టుకుంటే, ఆ పూట వాళ్లకి కాఫీ నేనే కొనిస్తాను. ఒక మనిషి ప్రాణం నిలబడి ఉంటుంది కదా" అన్నారు. తర్వాత వంగి నా చెవిలో, "తెలుగులో చెప్పావు చూడు, నా పరువు కాపాడదామని. అది మాత్రం ఎప్పటికీ మర్చిపోనమ్మడూ" అన్నారు.

కార్లో ఇంటికి బయల్దేరాం. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు నాన్న అద్దంలోంచి వెనక సీట్లో ఉన్న నన్ను చూసి, ఎంతో గంభీరంగా, "న్యూజెర్సీ క్యాపిటల్ ట్రెంటనే" అన్నారు. అమ్మ ఫక్కున నవ్వింది. నాన్న కూడా నవ్వాపుకోలేకపోయారు. సిగ్నల్ ఆకుపచ్చ అయినా మా కారు కదలక, వెనకవాళ్లు హారన్ కొట్టేదాకా ముగ్గురం నవ్వుతూనే ఉన్నాం.

నేను పెద్దయ్యాక ఎక్స్‌రేలు చదివే డాక్టర్నయ్యాను. ముందు కనిపించింది చెప్పు, పేరు తర్వాత అన్నది నా ఉద్యోగంలో రోజూ పనికొచ్చింది. కానీ ఆ రోజు నుంచి నాతో వచ్చినవాటిలో అసలైనది అది కాదు. చిన్నపిల్ల నలుగురిలో తప్పు చూపిస్తే, ఒక పెద్దమనిషి ముఖం అలా వెలిగిపోవచ్చని నేను కళ్లారా చూశాను. చూడకపోతే అలాంటిది ఒకటుంటుందని నాకు తెలిసేది కాదు.

అది నాకు ఆంటీ అంత సులువుగా ఏమీ అబ్బలేదు. ఈ మధ్య ప్లేనోలో మా అమ్మాయి ఇంట్లో స్నేహితులను భోజనానికి పిలిచారు. నేను అలవాటుగా మా అమ్మాయి పుట్టిన రోజు కథ ఎత్తుకున్నాను. బయట మంచు తుఫాను, కారు కదలదు, పక్కింటాయన పార పట్టుకుని దారి తవ్వితే ఆస్పత్రికి చేరడం. కొన్ని పదుల సార్లు చెప్పి ఉంటాను, ప్రతిసారీ మంచు ఇంకొంచెం పెరుగుతుంది. కథ మంచి పట్టులో ఉండగా మా ఏడేళ్ల మనవరాలు, "అమ్మమ్మా, మమ్మీ బర్త్‌డే జులైలో కదా? జులైలో స్నో ఎలా పడింది?" అంది.

 మా అమ్మాయి పిల్ల వైపు గుడ్లురిమి చూసింది.  ఒక్క క్షణం, నిజం చెబుతున్నాను, నాకు కోపమే వచ్చింది. ఆ తర్వాత లెక్క చూసుకుంటే, ఆ మంచు మా అబ్బాయి పుట్టినప్పటిది! ఇన్నేళ్లుగా నేను చెప్పడం, పుట్టిన మనిషితో సహా అందరూ నమ్మడం! నాకు కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది. "అది నీ మేనమామ కథే బంగారం! దొంగిలించి మీ అమ్మకిచ్చేశాను!" అని అరిచి, పిల్లను కుర్చీ మీద నిలబెట్టి, టేబుల్ ఆ చివర కూర్చున్నవాళ్లకి వినిపించలేదేమో, ఇంకోసారి గట్టిగా చెప్పమన్నాను.

అది మొదట అమ్మ వైపు భయంగా చూసింది. తర్వాత నా వైపు చూసింది. నేను ఉత్తుత్తికి నవ్వటం లేదని తేలాక, నడుం మీద చేతులు పెట్టుకుని, అందరినీ ఒకసారి కలయజూసి, "జులైలో స్నో పడదు!" అని ప్రకటించింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఇన్నేళ్లుగా ఏ పెద్దవాళ్లకీ తట్టనిది తనకు తట్టిందని తెలిసి, ఊడిన పంటి సందుతో అది నవ్విన నవ్వు చూస్తే, ఆ నవ్వు కోసం ఇంకెన్ని కథలైనా తప్పు చెప్పవచ్చు అనిపించింది.